శనివారం కలిపిన ద్రావణం

"మీ కోడలు ఏం పని చేస్తది?" అని ఎవరన్నా అడిగితే వెంకటనర్సమ్మ చాలా ఏళ్లు ఒకటే మాట చెప్పేది: "గాజుపెంకులు కడుగుతది."

అందులో అబద్ధమేమీ లేదు. సుగుణ హన్మకొండ అవతల ఉన్న ఒక పరిశోధన సంస్థలో ల్యాబ్ అసిస్టెంటు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దున ఏడుంబావు బస్సెక్కి వెళ్తుంది. అదే బస్సులో నేను కాలేజీకి పాఠాలు చెప్పడానికి పోతాను. అట్లా ముక్కలు ముక్కలుగా, కొన్ని నెలల పాటు ఆమె చెప్పగా విన్న సంగతి ఇది.

ఆమె కడిగే గాజు ముక్కలు మన గోరులో సగం మందం కూడా ఉండవు. అప్పడం కన్నా పెళుసు. వాటిని అసిటోన్‌లో, ఆ తర్వాత ఘాటైన క్షారంలో, మధ్యమధ్య శుద్ధమైన నీళ్లలో, సన్నగా గుయ్యిమని మోగే ఒక తొట్టిలో పెట్టి కడగాలి. నైట్రోజన్ గాలి ఊది ఆరబెట్టాలి. ఇంత తతంగం ఎందుకంటే, ఆ గాజు మీద పెట్టి చూసేది ఒక్కొక్క అణువును. కంటికి ఆనని మరక ఒకటి మిగిలినా లేజర్ వెలుగుకు అది కూడా మెరుస్తుంది. అప్పుడు తెర మీద ఏది అణువో, ఏది మురికో ఎవరూ చెప్పలేరు.

సుగుణ పుట్టింది టేకుమట్లలో. తండ్రి కాటమయ్య పత్తి, మిర్చి వేసేవాడు. ఇంటర్ అయ్యాక వరంగల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసింది. స్టేషన్ ఘన్‌పూర్‌లో బోరు మోటర్లకు వైండింగ్ చేసే హన్మంత్‌తో పెళ్లయింది. తర్వాత జనగామలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో తొమ్మిదేళ్లు పనిచేసింది. మలేరియా స్లయిడ్లకు, తెమడ స్లయిడ్లకు రంగులు వేసీ వేసీ ఆమె వేళ్లకు ఒక నిమ్మళం వచ్చింది. సంస్థలో ఇంటర్వ్యూ రోజున ల్యాబు పెద్ద అరవింద్ సారు ప్రశ్నలేమీ పెద్దగా అడగలేదు. గాజు ముక్కలు నాలుగు బల్ల మీద పరిచి సన్నటి పట్టకారు లాంటి చిమ్టా చేతికిచ్చాడు. ముందు వచ్చిన ఇద్దరూ తలా రెండు పగలగొట్టిపోయారు. సుగుణ నాలుగూ ఎత్తి డబ్బీలో నిలబెట్టింది. అంతే, ఉద్యోగం వచ్చింది.

చేరిన వారానికి సారు ఆమెను చీకటిగా ఉన్న మైక్రోస్కోపు గదిలోకి పిలిచి తెర చూపించాడు. నల్లటి తెర నిండా చిన్న చిన్న ఎర్ర చుక్కలు. నల్లచీర మీద బుటాలు నేసినట్టున్నాయి అనుకుంది సుగుణ.

"ఒక్కో చుక్క ఒక్కో అణువు," అన్నాడు సారు. "మనం చదివే ప్రోటీను గాని, డిఎన్ఏ గాని ఉత్తగ చూస్తే కనపడవు. వాటికి ఒక రంగు అణువును అతికిస్తం. లేజర్ పడ్డప్పుడు ఆ రంగు వెలుగుతది. మనకు కనిపించేది ఆ వెలుగే."

ఆమె చూస్తుండగానే ఒక చుక్క మాయమైంది.

"అది ఏమైంది సారూ?"

"అయిపోయింది. రంగు అణువు కొన్ని లక్షల సార్లు వెలుగు మింగి వెలుగు కక్కినంక చెడిపోతది. మళ్ల రాదు."

"మసకబారకుంటనే పోయింది గద?"

ఆ ప్రశ్నకు సారు ఆమె వైపు తిరిగి చూశాడట. "అదే మనకు గుర్తు. ఒక్క చోట నాలుగైదు అణువులుంటే వెలుగు మెట్లు మెట్లుగ దిగుతది. ఒక్కటే ఉంటే ఒక్క దెబ్బకు ఆరిపోతది. అట్ల ఆరిపోతేనే మనం చూసింది ఒక్క అణువునని నమ్ముతం."

ఆ రోజు ఇంటికొచ్చి అత్తకు ఈ ముచ్చట చెప్పబోయింది. వెంకటనర్సమ్మ సగం విని, "ఆరిపోయేదాన్ని సూసెటందుకు గంత దూరం పోవుడెందుకు?" అంది. సుగుణకు నవ్వొచ్చింది.

రంగుల సంగతులు ఆమెకు పని మీదనే తెలిసొచ్చాయి. రంగు సీసాలను వెండి రంగు రేకులో చుట్టాలి, వెలుగు తగిలితే వాడకముందే సగం చచ్చిపోతాయి. వానకాలం ఫ్రీజర్ నుంచి తీయగానే మూత విప్పకూడదు. చల్లటి సీసాలోకి గాలిలోని తడి దిగితే ఆ రంగు ఇక ప్రోటీనుకు అంటుకోదు. సీసా గది వేడికి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులు ఈ చివరిది పాటించేవాళ్లు కాదు. రెండు మూడు సీసాలు పాడయ్యాక వాళ్లే వచ్చి సుగుణక్కను అడిగేవాళ్లు.

అన్నిటికన్నా చిక్కు సంగతి ఇంకొకటుంది. రంగు అణువు ఒక్కోసారి వెలుగు మింగాక మామూలు దారిలో తిరిగి రాకుండా పక్కకు జరిగి ఇరుక్కుపోతుంది. అక్కడున్నంతసేపూ చీకటే. గాలిలోని ఆక్సిజన్ దాన్ని అందులోంచి బయటికి లాగుతుంది. కానీ ఆ ఆక్సిజనే రంగును కాల్చి చంపుతుంది కూడా. అందుకని ల్యాబులో చక్కెర, రెండు ఎంజైములు కలిపి గాజు మీది చుక్క నీళ్లలోంచి ఆక్సిజన్‌ను తీసేస్తారు. దానితో అణువు ఎక్కువసేపు బతుకుతుంది. అయితే ఇరుక్కున్నప్పుడు లాగేవాళ్లుండరు కాబట్టి మిణుకు మిణుకు మంటుంది. ఆ మిణుకు పోవడానికి ట్రోలాక్స్ అనే తెల్లటి పొడిని నీళ్లలో కరిగించి కలుపుతారు. విటమిన్ ఇ కి చుట్టం లాంటి పొడి అది.

గోడ మీద అంటించిన కాగితంలో సారు రాసిన పద్ధతి ఇట్లా ఉండేది: ట్రోలాక్స్ ద్రావణం వారానికోసారి, సోమవారం పొద్దున కొత్తగా కలపాలి.

మొదటి ఏడాది సుగుణ అట్లాగే చేసింది. కానీ ఆ పొడి నీళ్లలో తొందరగా కరిగే రకం కాదు. ఒక సోమవారం వాన పడి బస్సు గంట లేటయింది. సారు మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నాడు. ద్రావణం ఇంకా తెల్లగా, కలిపిన సున్నంలా తిరుగుతూనే ఉంది. సారు రెండుసార్లు గడియారం చూశాడు. ఆ చూపు సుగుణకు గుచ్చుకుంది. ఆ శనివారం మధ్యాహ్నం, మూడింటికి బస్టాండుకు బయల్దేరే ముందు, ఆమె పొడిని నీళ్లలో వేసి, అయస్కాంతం ముక్క తిరిగే బల్ల మీద పెట్టి, మూత వదులుగా ఉంచి వెళ్లిపోయింది. ఆ బల్ల పడమటి కిటికీ దగ్గరుండేది. సోమవారం వచ్చేసరికి ద్రావణం అద్దంలా తేటగా ఉంది. వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. సీసా మీద తేదీ రాయాల్సొచ్చినప్పుడు ఒక క్షణం ఆగింది. వడకట్టింది ఇయ్యాల్నే కదా అనుకుని సోమవారం తేదీ వేసింది.

పని బాగా నడిచింది. తర్వాతి శనివారం కూడా అట్లాగే చేసింది. అట్లా ఆరేళ్లు గడిచాయి.

"చిన్న తప్పు గద, మొదట్ల చెప్పేస్తే అయిపోతుండె," అంది నాతో ఒకసారి బస్సులో. "రెండో వారం చెప్పలే. పదో వారం ఎట్ల చెప్తం? ఏడాదైనంక ఇంక నోరు రాదు."

నిరుడు వానకాలం స్టేషన్ ఘన్‌పూర్‌లో వీధి వీధికీ చికున్‌గున్యా పాకింది. సుగుణకు నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది, కీళ్ల నొప్పులు మాత్రం పోలేదు. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాల్సొచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ, నెలన్నర పడుతుందని, వేళ్లతో పని పెట్టుకోవద్దని చెప్పింది. చేసే పనంతా వేళ్లతోనే అయిన మనిషికి అది పెద్ద మాటే. సెలవు పెట్టింది. హన్మంత్ వంటింట్లోకి దిగాడు. పప్పులో ఉప్పు ఒకరోజు రెండుసార్లు పడేది, ఒకరోజు అసలే పడకపోయేది. వెంకటనర్సమ్మ ఒక్కమాట అనకుండా తినేది. కోడలి వేళ్లకు రోజూ నువ్వుల నూనె రాసేది.

ల్యాబులో ఆమె పని రక్షిత మీద పడింది.

రక్షితది మహబూబాబాద్. ఇరవయ్యారేళ్ల పరిశోధక విద్యార్థిని. క్షయ క్రిమిలో డిఎన్ఏ ముడి విప్పే ఒక ప్రోటీను మీద నాలుగేళ్లుగా పని చేస్తోంది. డిఎన్ఏకు ఒక పక్క ఆకుపచ్చ రంగు, ఇంకో పక్క ఎరుపు రంగు అతికిస్తుంది. రెండూ దగ్గరగా ఉన్నంతసేపు ఆకుపచ్చ అణువు తన శక్తిని ఎరుపుకు ఇస్తుంది, ఎరుపు వెలుగుతుంది. ప్రోటీను వచ్చి ముడి విప్పితే రెండూ దూరమవుతాయి, ఎరుపు తగ్గి ఆకుపచ్చ పెరుగుతుంది. దాన్ని బట్టి ముడి ఎప్పుడు విప్పుకుందో, ఎప్పుడు మూసుకుందో లెక్క కడతారు. ఆ వ్యాసం ఒక పత్రికకు పంపారు. పత్రికవాళ్లు, అంతా బాగుంది, ఒక కొలతను మాత్రం మళ్లీ చేసి చూపించండి అని రాశారు. రెండు నెలలు గడువిచ్చారు. సరిగ్గా అప్పుడే సుగుణ మంచం పట్టింది.

రక్షిత గోడ మీది కాగితం ముందు పెట్టుకుని అన్నీ అక్షరం పొల్లుపోకుండా చేసింది. గాజులు కడిగింది. సోమవారం పొద్దున్నే వచ్చి ట్రోలాక్స్ కొత్తగా కలిపింది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఎర్ర చుక్కలు మిణుకుమంటున్నాయి. వెలుగు, చీకటి, మళ్లీ వెలుగు. ప్రోటీను వేయకముందే డిఎన్ఏ తెరుచుకుని మూసుకుంటున్నట్టు కనిపిస్తోంది. అది జరిగే పని కాదు. ఎరుపు అణువు ఇరుక్కుపోయి చీకటైనా, ముడి విప్పుకుని దూరమై చీకటైనా తెర మీద ఒకేలా ఉంటుంది. ఏది ఏదో తెలియడం లేదు.

రంగు పాతబడిందేమోనని కొత్త సీసా తెప్పించారు. లేజర్ బలం తగ్గించి చూశారు. ఎంజైములు మార్చారు. మూడు వారాలు పోయాయి. మిణుకు పోలేదు. రక్షితకు ఇంకో భయం పట్టుకుంది. పాత కొలతల్లో తను ప్రోటీను పని అనుకున్నది కూడా ఈ మిణుకేనేమో. నాలుగేళ్ల పని మొత్తం తప్పేమో.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె బస్సెక్కి స్టేషన్ ఘన్‌పూర్ వచ్చింది. సుగుణ గడపలో కూర్చుని చేతులు ఎండకు పెట్టుకుని ఉంది.

"ఏంది రక్షితా, గిట్ల చిక్కిపోయినవు? జ్వరం నాకొచ్చిందా, నీకొచ్చిందా?"

రక్షిత నవ్వలేదు. చాప మీద కూర్చుని నోట్‌బుక్కు తీసింది. "అక్కా, నువ్వు చేసేదంతా మొదటి నుంచి చెప్పు. ఒక్కటి కూడా ఇడిసిపెట్టకు."

సుగుణ చెప్పింది. ఏ తొట్టి, ఎంతసేపు, నీళ్లు ఎన్నిసార్లు. రక్షిత రాసుకుంది. అన్నీ తను చేసినట్టే ఉన్నాయి.

"ట్రోలాక్స్ ఎప్పుడు కలుపుతవు?"

"సోమవారం," అంది సుగుణ. అనాలని అనలేదు, ఆరేళ్ల అలవాటే ఆమె చేత ఆ మాట అనిపించింది.

రక్షిత నోట్‌బుక్కు మూసేసింది. తర్వాత, "నాకు పరేషాన్‌గ ఉందక్కా," అంది. "పత్రికకు పంపింది వాపసు తీసుకుందామని సారుతోని చెప్పాలనుకుంటున్న. తప్పు కొలతలు అచ్చయితే రేపు నన్ను ఎవరు నమ్ముతరు?"

వెంకటనర్సమ్మ చాయ్ తెచ్చిచ్చింది. రక్షిత తాగి, దండం పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

సుగుణ కుదురుగా ఉండలేకపోయింది. హన్మంత్ షాపు కట్టేసి వచ్చి చేతులు కడుక్కుంటుంటే పక్కన నిలబడి మొత్తం చెప్పింది. శనివారం కలపడం, కిటికీ దగ్గర పెట్టడం, సోమవారం తేదీ వేయడం. ఇన్నేళ్లలో ఆయనకు కూడా చెప్పలేదు.

హన్మంత్ తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"నువ్వు చేసినప్పుడు మంచిగ వచ్చింది, ఆ పిల్ల చేస్తే వస్తలేదు. అంతేనా?"

"అంతే."

"మరి మీ ఇద్దరి పనిల తేడా అదొక్కటే గద."

"మందు పాతదైతే చెడిపోవాలె గని మంచిగ ఎట్లయితది?"

"అది నాకు తెల్వదు. మోటర్‌కు వార్నిష్ కొట్టినంక ఒక దినం ఆరబెడ్త. ఆరకముందే బిగిస్తే కాలిపోతది. గదొక్కటే నాకు తెలుసు." ఆయన తువ్వాల దండెం మీద వేశాడు. "చెప్తే ఏమైతది? సారు తిడ్తడు. చెప్పకుంటే ఆ పిల్ల నాలుగేండ్ల కష్టం ఎటో పోతది. రేపు నేను కూడ వస్త, పా."

శనివారం పొద్దున ఇద్దరూ ఏడుంబావు బస్సెక్కారు. ఆ రోజు నేను చూశాను, ఆమె చేతులకు ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉంది. సంస్థ గేటు దగ్గర హన్మంత్ ఆగిపోయాడు. "నేను ఈడ్నే ఉంట," అన్నాడు.

అరవింద్ సారు గదిలో రక్షిత కూడా ఉంది. వ్యాసం వాపసు తీసుకునే మాటే నడుస్తోంది. సుగుణ కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, నేనొకటి తప్పు చేసిన. ఆరేండ్ల సంది చేస్తున్న."

చెప్పింది. దాచకుండా, వరసగా చెప్పింది. సారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కిటికీ దగ్గర. మూత వదులుగ. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా."

"అవు సారూ."

"తేదీ సోమవారంది."

"అవు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, "తేదీ సంగతి తర్వాత మాట్లాడుకుందం," అన్నాడు. "ఇయ్యాల శనివారమే. ఆ కిటికీ దగ్గర మళ్ల కలుపుదం. నువ్వు చెప్పు, రక్షిత చేస్తది."

సుగుణ చేతులు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. రక్షిత ఆమె చెప్పినట్టే పొడి తూచి, నీళ్లలో వేసి, బల్ల అదే చోటికి జరిపింది. "ఇంకొంచెం ఎడమకు. ఆ, ఎండ పడేకాడ," అంది సుగుణ. రెండో సీసా కూడా అప్పుడే కలిపారు, దాన్ని మాత్రం రేకు చుట్టి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టారు. మూడోది సోమవారం పొద్దున కొత్తగా కలపాలని, నాలుగో దాంట్లో ట్రోలాక్స్ అసలే వేయకూడదని సారు చెప్పాడు. నాలుగూ ఒకే రోజు, ఒకే గాజు ముక్క మీద పక్కపక్కన పోసి చూడాలి. ఏ సీసా ఏదో రక్షితకు తెలియకుండా సారే వరస మార్చి వాటి మీద అంకెలు మాత్రమే వేయాలి.

ఆదివారం గడవడమే కష్టమైంది. వెంకటనర్సమ్మ నూనె రాస్తూ, "ఉద్యోగం పోతదా?" అని అడిగింది. "పోవచ్చు అత్తమ్మా," అంది సుగుణ. "పోతే పోయింది తియ్యి, జనగామల దొరకదా?" అని ఆమె రెండో చెయ్యి పట్టుకుంది.

సోమవారం పదకొండింటికి ముగ్గురూ చీకటి గదిలో కూర్చున్నారు. మొదటి అంకె సీసా. చుక్కలు పిచ్చిగా మిణుకుమన్నాయి. రెండోది. మిణుకు కొంచెం తగ్గింది, కానీ ఆరినవి చాలాసేపు ఆరే ఉన్నాయి. మూడోది కూడా దాదాపు అంతే. నాలుగో అంకె సీసా పోశాక రక్షిత లేజర్ తెరిచింది.

చుక్కలు వెలిగాయి. వెలుగుతూనే ఉన్నాయి. రక్షిత ఒక చుక్కను ఎంచుకుని దాని వెలుగు ఎట్లా సాగుతోందో చెప్పే గీత చూపించింది. చెరువు కట్ట పైభాగంలా సమంగా సాగిపోతోంది. అర నిమిషం, నిమిషం. నిమిషం పైన ఇరవై సెకన్లకు ఒక్కసారిగా కిందికి పడిపోయింది.

"ఇదేది సారూ?" అంది రక్షిత.

సారు జేబులోంచి కాగితం తీసి చూశాడు. "కిటికీది."

రక్షిత రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందని సుగుణకు చీకట్లో కూడా తెలిసింది. వాచిన చేతిని ఆమె వీపు మీద వేసింది.

ఆ మధ్యాహ్నమే నాలుగు ద్రావణాలనూ వెలుగు మింగే తీరును కొలిచే యంత్రంలో పెట్టి చూశారు. కిటికీ సీసా గీతలో మిగతావాటికి లేని ఒక చిన్న గుట్ట లేచింది. ఎండకు, గాలికి ట్రోలాక్స్‌లో కొంత భాగం వేరే పదార్థంగా మారిందన్నమాట. సారు సాయంత్రం దాకా పాత పత్రికలు వెతికాడు. వేరే దేశంలో పరిశోధకులు ఈ సంగతిని పదిహేనేళ్ల కిందటే కనిపెట్టి రాసి ఉన్నారు. ఆయన ఆ వ్యాసాన్ని అచ్చుతీసి తెచ్చి ఇద్దరికీ తెలుగులో విప్పి చెప్పాడు.

"ఇరుక్కున్న రంగు అణువుకు ట్రోలాక్స్ ఒక ఎలక్ట్రాన్ ఇస్తది. దాంతోని అణువు ఆ మూల నుంచి బయటపడ్తది, గని ఎలక్ట్రాన్ ఎక్కువై ఇంకో చీకట్ల పడ్తది. ఎండకు తయారైన ఆ రెండో పదార్థం దాన్ని వాపసు తీసుకుంటది. ఇచ్చేది, తీసుకునేది రెండూ ఉంటేనే అణువు వెంటనే మామూలయి మళ్ల వెలుగుతది. కొత్తగ కలిపిన దాంట్ల ఇచ్చేదే ఉంది, తీసుకునేది లేదు." ఆయన కాగితం మడిచాడు. "ఇది నేను చదవాల్సింది. చదవలే. గోడ మీద కాగితం రాసింది నేనే."

అప్పుడు తేదీ సంగతి వచ్చింది. ఆయన గొంతు పెంచలేదు. "సుగుణా, నీ పద్ధతి మంచిదయింది. తేదీ తప్పు రాసుడు మంచిది కాలేదు. అది నిజం రాసి ఉంటే రక్షిత మూడు వారాలు ఏడ్వకపోతుండె. ఇంకోసారి అట్ల చెయ్యకు. నేను గడియారం చూసినా సరే."

"చెయ్య సారూ," అంది సుగుణ. తిట్టు తిన్నాక మనసు ఇంత తేలికవుతుందని ఆమె అనుకోలేదు. నాకు చెప్పినప్పుడు కూడా ఆ మాట రెండుసార్లు అంది.

గోడ మీద కాగితం మారింది. ఇప్పుడు ప్రతి సీసా మీదా కలిపిన తేదీ, వడకట్టిన తేదీ రెండూ ఉంటాయి. కిటికీ ఎండ వానకాలం ఒకలా, ఎండకాలం ఒకలా ఉంటుంది కాబట్టి కొలిచే యంత్రంలో ఆ గుట్ట ఎంత లేచిందో చూసి మరీ వాడుతారు. కొత్త కాగితాన్ని సుగుణే తన చేతిరాతతో, తెలుగులో రాసింది. వేళ్లు ఇంకా సరిగా రాకపోవడంతో రెండు రోజులు పట్టింది.

రక్షిత కొలతలు మళ్లీ చేసింది. పాతవాటికి సరిగ్గా సరిపోయాయి. నాలుగేళ్లలో వాడినదంతా శనివారం ద్రావణమే కాబట్టి పాత పనిలో తప్పేమీ లేదు. పత్రికవాళ్లకు జరిగింది జరిగినట్టు రాశారు, నాలుగు సీసాల గీతలు కూడా జతచేశారు. జనవరిలో వ్యాసం అచ్చయింది. రాసినవాళ్ల పేర్లలో మూడోది సుగుణది. రక్షిత ఆ పేజీ అచ్చుతీసి స్టేషన్ ఘన్‌పూర్ తెచ్చిచ్చింది. వెంకటనర్సమ్మకు ఇంగ్లీషు రాదు. కోడలి పేరు ఎక్కడుందో వేలితో చూపించమని, ఆ చోటును కాసేపు చూసి, "పేరు చిన్నగేసిన్రు," అంది. ఆ సాయంత్రం పక్కింటి ఆమె ఏదో అడగడానికి వస్తే, "మా కోడలు అణువులు ఆరకుంట చేస్తది," అని చెప్పడం సుగుణ వంటింట్లోంచి విన్నది.

ఆ తర్వాత ఒకరోజు సారు ఆమెను పిలిచి, డిగ్రీ ఎందుకు చదవలేదని అడిగాడు. అప్పుడు వీలుపడలేదని చెప్పింది. "ఇప్పుడు పడ్తది గద," అన్నాడాయన. ఓపెన్ యూనివర్సిటీ ఫారం రక్షితే తెచ్చి నింపింది. నలభై మూడేళ్ల వయసులో సుగుణ బీఎస్సీ మొదటి ఏడాది విద్యార్థిని అయింది. ఆదివారాలు జనగామలో క్లాసులు. హన్మంత్ బండి మీద తీసుకెళ్తాడు. ఆమె క్లాసులో ఉన్నంతసేపు ఆయన బజారుకు వెళ్లి షాపుకు కావాల్సిన రాగి తీగ కొనుక్కుంటాడు.

పోయిన వారం బస్సులో కలిసినప్పుడు ఎట్లుందమ్మా చదువు అని అడిగాను.

"కెమిస్ట్రీ మంచిగనే ఎక్కుతుంది సారూ. ఇంగ్లీషు పేపరే జర కష్టం," అంది. "మొన్న క్లాసు అయినంక జనగామ స్టేషన్ కాడ ఇద్దరం మిర్చి బజ్జీలు తిన్నం. ఆయన అన్ని తిన్నడు, నాకు రెండే ఇడిసిండు." అని, సంచిలోంచి పుస్తకం తీసి, పెన్సిలుతో గీసుకున్న చోటు వెతుక్కుని చదువుకోవడం మొదలుపెట్టింది.